ఎండిన రొట్టెతో పుడ్డింగు

మిగిలిన పదార్థమును పారవేయుట సులభము. దానిని మరల భోజనయోగ్యముగా చేయుటకు మాత్రము కొంత జ్ఞానమును, కొంత ఓర్పును కావలయును. ఇంగ్లండు దేశపు ఇండ్లలో చిరకాలముగా చేయబడుచున్న యొక తీపి వంటకమునుగూర్చి ఈ వ్యాసమునందు చెప్పబూనితిమి. నిన్నటి రొట్టె, పాలు, గుడ్లు, చక్కెర, కొంచెము వెన్న, ఇంతియే దాని సామగ్రి. దానికి బ్రెడ్ పుడ్డింగు అని పేరు. వంటకము స్వల్పమే యైనను దానిలో రసాయనశాస్త్రము కలదు, చరిత్ర కలదు, గృహనిర్వహణ కలదు. కావున విద్యార్థులు పాఠముగా నేర్చుకొనదగినదని మా అభిప్రాయము.

ఈ పాఠమును మేము మొదటిసారి తరగతిలో చెప్పిననాడు జరిగిన సంగతి నొకదానిని ముందుగా తెలుపవలసియున్నది. పొదుపునుగూర్చి మేము గంభీరముగా ఉపన్యసించి ముగించితిమి. అంతట వెనుక బల్లమీద కూర్చుండు నొక బాలిక లేచి, “మాస్టరుగారూ, మా యింట అన్నమే మిగులదు. మిగులని యింటివారికి ఈ పాఠ మెందుకండీ?” అని యడిగెను. తరగతియంతయు నవ్వెను. మాకు నవ్వు రాలేదు. ఆ బాలిక పరిహాసమునకు అడుగలేదని యామె ముఖము చూచినవారికెల్ల తెలియును. అప్పటికి తగిన ప్రత్యుత్తరము మాకు తోచక, గంట మ్రోగినదను నెపమున పుస్తకము మూసితిమి. ఈ వ్యాసము ఒక విధముగా ఆమెకు మేము బాకీపడిన జవాబు.

రొట్టె యేల గట్టిపడును?

రొట్టె ఎండిపోవుటచేతనే గట్టిపడునని సామాన్యముగా అందరును తలంతురు. ఇది సగము మాత్రమే నిజము. బూసింగో అను ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు 1852వ సంవత్సరమున దీనిని పరీక్షించి చూచెను. నీరు బయటికి పోకుండ మూసియుంచిన రొట్టెయు గట్టిపడెను. అట్లు గట్టిపడిన రొట్టెను మరల వేడిచేయగా అది మెత్తనయ్యెను. నీరు పోవుటయే కారణమైనచో, వేడిచేసినప్పుడు రొట్టె మరింత గట్టిపడవలెను గదా! కాబట్టి కారణము వేరొకటి కలదని తేలినది.

ఆ కారణమిది. గోధుమపిండిలో అధికభాగము పిండిపదార్థము. అది సూక్ష్మములైన రేణువుల రూపమున నుండును. తడిసిన పిండిని కాల్చునప్పుడు సుమారు 60 మొదలు 70 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమిలో ఈ రేణువులు నీటిని పీల్చుకొని ఉబ్బి మెత్తనగును. రొట్టె చల్లారిన పిమ్మట, చెదరియున్న పిండిపదార్థపు అణువులు మెల్లగా మరల వరుసలుదీరి ఒకదానినొకటి అంటుకొనును. ఈ అణువులు రెండు జాతులవి. అమైలోజు అనునది కొన్ని గంటలలోనే గట్టిపడును. అమైలోపెక్టిను అనునది కొన్ని దినములు పట్టి గట్టిపడును. ఈ రెండవదానిని మరల వేడిచేసి సడలింపవచ్చును. పెనముమీద వెచ్చబెట్టిన పాత రొట్టె కొంతసేపు మెత్తగా నుండుటకు ఇదియే హేతువు.

ఈ మార్పు చల్లదనములో వేగముగా జరుగును. కావుననే శీతలయంత్రములో నుంచిన రొట్టె బయట నుంచినదానికంటె త్వరగా గట్టిపడును. గడ్డకట్టునంతటి చలిలో నుంచినచో మాత్రము ఈ మార్పు దాదాపు నిలిచిపోవును. రొట్టె నెరుగని విద్యార్థులు నిరాశ చెందనక్కరలేదు. రాత్రి మెత్తగా వార్చిన అన్నము తెల్లవారుసరికి పలుకుపలుకుగా గట్టిపడుటయు, వేడిచేయగా మరల మెత్తబడుటయు ఈ నియమమువలననే. ధాన్యము వేరైనను ధర్మ మొక్కటియే.

పుడ్డింగునకు నిన్నటి రొట్టెయే శ్రేష్ఠమనుటకు కారణముకూడ ఇందే యున్నది. నేటి రొట్టెను పాలలో వేసినచో ముద్దయై కరగిపోవును. నిన్నటి రొట్టె గట్టిపడియుండుటచే పాలను కడుపునిండ త్రాగియు తన ఆకారమును విడువదు. ఒకచోట దోషమైనది వేరొకచోట గుణమగుట వంటయింటిలో తరచుగా కనబడును.

పూర్వచరిత్ర

పుడ్డింగు అను మాటకు ఇంగ్లండులో మొదట తీపి వంటకమని యర్థము లేదు. మాంసమును, ధాన్యమును, కొవ్వును కలిపి జంతువుల ప్రేగులలో కూరి ఉడికించినదానిని అట్లు పిలిచెడివారు. పదునేడవ శతాబ్దమున గుడ్డలో మూటగట్టి ఉడికించు పద్ధతి వ్యాపించుటతో, ప్రేగులు లేకుండనే పలువిధములైన పుడ్డింగులు చేయుటకు వీలుకలిగెను. 1747వ సంవత్సరమున హానా గ్లాస్ అను స్త్రీ లండనులో ప్రకటించిన ప్రసిద్ధ పాకశాస్త్ర గ్రంథమునందు రొట్టెతో చేయు పుడ్డింగులు కలవు. 1796లో అమెరికాలో అమీలియా సిమన్స్ ప్రకటించిన గ్రంథమునందును, 1861లో ఇసబెల్లా బీటన్ ప్రకటించిన గృహనిర్వహణ గ్రంథమునందును ఈ వంటకము చోటు సంపాదించుకొన్నది.

ఈ వంటకము రెండు తెగలుగా నున్నది. వెన్న రాచిన రొట్టె ముక్కలను పేర్చి, పాలును గుడ్లును కలిపిన కస్టర్డును వాటిపై పోసి కాల్చునది యొకటి. పాత రొట్టెను చన్నీటిలో నానబెట్టి, పిండి, చిదిపి, కొవ్వు, చక్కెర, ఎండుద్రాక్షలు, సుగంధద్రవ్యములు కలిపి గట్టి అచ్చుగా కాల్చునది రెండవది. మొదటిదానికి పాలును గుడ్లును ఎక్కువగా కావలెను. రెండవదానికి ఒక గుడ్డు చాలును. ఈ భేదమును విద్యార్థులు గుర్తుంచుకొందురుగాక. దీని అవసరము ముందు కలుగును.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఇంగ్లండువారికి ఈ రెండవ విధము మిక్కిలి ఉపకరించెను. గోధుమలలో అధికభాగము సముద్రముమీద ఓడలలో రావలసియుండెను. ఓడలు మునిగినచో రొట్టె లేదు. 1940లో చేయబడిన శాసనమువలన, మనుష్యులు తినదగిన ఆహారమును వ్యర్థపరచుట శిక్షార్హమైన నేరమయ్యెను. 1942లో తెల్లని రొట్టెకు బదులు, గోధుమగింజలో 85 పాళ్లు నిలుపుకొనిన పిండితో చేసిన ముదురురంగు రొట్టెను దేశమంతట వాడుకలోనికి తెచ్చిరి. కోడిగ్రుడ్లు దొరకని దినములలో అమెరికానుండి వచ్చిన ఎండుగ్రుడ్ల పొడిని నీటిలో కలిపి వాడిరి. అట్టి దినములలో నిన్నటి రొట్టెను పుడ్డింగుగా మార్చుట వినోదము కాదు, కర్తవ్యము. యుద్ధము సాగుచున్నంతకాలము రొట్టెకు అక్కడ రేషను లేదు. యుద్ధము ముగిసిన పిమ్మటనే, 1946 జూలై మొదలు 1948 జూలై వరకు, రొట్టెకు రేషను విధింపబడెను.

మన దేశమునకు ఈస్టుతో పొంగించిన రొట్టెను తెచ్చినవారిలో పోర్చుగీసువారు ముఖ్యులు. బొంబాయి ప్రాంతమున రొట్టెను పావ్ అనుట వారి భాషనుండి వచ్చినదే. హైదరాబాదులో దీనిని డబుల్ రొట్టె యందురు. ఆ రొట్టె ముక్కలను నేతిలో వేయించి, చక్కెరపాకములోను, మరగించిన పాలలోను నానబెట్టి, ఏలకులు, కుంకుమపువ్వు చేర్చి చేయు డబుల్ కా మీఠా అను వంటకము అక్కడి వివాహ విందులలో ప్రసిద్ధము. ఇందు గుడ్లు లేవు. కస్టర్డు గట్టిపడుటకు బదులు పాకమును పాలును రొట్టెలో ఇంకుటయే ఇందలి కిటుకు. రొట్టె యొక్కటే, రెండు దేశములవారు రెండు త్రోవల నడచిరి.

చేయు విధము

ఆరుగురికి చాలునట్టి పుడ్డింగునకు కావలసినవి: నిన్నటి లేక మొన్నటి రొట్టె 200 గ్రాములు, పాలు అర లీటరు, కోడిగ్రుడ్లు 3, చక్కెర 60 గ్రాములు, వెన్న 30 గ్రాములు, ఎండుద్రాక్షలు 50 గ్రాములు, చిటికెడు ఉప్పు, కొంచెము జాజికాయ పొడి.

మొదట రొట్టెను ముక్కలుగా కోసి, ఒక ప్రక్క వెన్న రాయవలెను. అంచులు గట్టిగా నున్నను తీసివేయరాదు; అవియే పైన కరకరలాడును. మూకుడువంటి లోతైన పాత్రకు లోపల వెన్న పూసి, ముక్కలను ఒకదానిపై నొకటి ఏటవాలుగా పేర్చి, నడుమ ఎండుద్రాక్షలను చల్లవలెను. పైన చల్లినచో అవి మాడిపోవును.

పిమ్మట గుడ్లను చక్కెరతోను ఉప్పుతోను బాగుగా గిలకొట్టవలెను. పాలను గోరువెచ్చగా కాచి, గుడ్లను కలియబెట్టుచు కొంచెము కొంచెముగా పోయవలెను. ఈ మిశ్రమమును వడగట్టి రొట్టెమీద పోసి, అరగంట సేపు కదల్పక యుంచవలెను. ఈ అరగంటను దొంగిలింపరాదు. పాలు రొట్టె నడిమివరకు ఇంకుటకు ఆ కాలము అవసరము. తేలుచున్న ముక్కలను గరిటెతో మెల్లగా అదుమవలెను.

తరువాత జాజికాయ పొడి చల్లి, ఆ పాత్రను పెద్ద పళ్లెములో నుంచి, పాత్రకు సగము ఎత్తువరకు వేడినీరు పళ్లెములో పోసి, 160 మొదలు 170 డిగ్రీల వేడిమిగల ఓవెనులో సుమారు 45 నిమిషములు కాల్చవలెను. అంచులు గట్టిపడి, నడుమ కొంచెము వణకుచున్నప్పుడే బయటికి తీయవలెను. లోపల మిగిలియున్న వేడిమిచేతనే నడిమిభాగము గట్టిపడును.

ఓవెను లేనివారు పాత్రకు మూతబెట్టి, నీరు పోసిన పెద్ద గిన్నెలో నుంచి, సన్నని సెగమీద ఆవిరితో ఉడికింపవచ్చును. పైన ఎర్రని పొర రాదు గాని రుచికి లోటుండదు. మందమైన ఇనుప మూత గలవారు దానిపై నిప్పులు పరచి ఆ పొరనుకూడ సంపాదింపవచ్చును. ఆ ఎరుపునకు మాంసకృత్తులకును చక్కెరకును వేడిలో జరుగు సంయోగమే ముఖ్యకారణము. దీనిని మెయిలార్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1912లో వివరించెను. కాలిన రొట్టె వాసనయు, వేపిన కాఫీగింజల వాసనయు ఈ సంయోగము వలననే విశేషముగా పుట్టును.

మేము చేసిన పొరపాటు

వ్రాసిన దంతయు మేము మొదటనే ఎరిగియుంటిమని చదువరులు తలంపరాదు. మొదటిసారి మేము తొందరచే మరగుచున్న పాలను ఒక్కసారిగా గుడ్లలో పోసితిమి. నీటి పళ్లెము అనవసరమని విడిచితిమి. వేడిమి హెచ్చుగా పెట్టినచో త్వరగా ముగియునని తలచితిమి. పాత్రను తీసి చూడగా, పైన మాడి, లోపల విరిగిన పాలవలె గడ్డలు గడ్డలుగా, క్రింద నీరు నిలిచియుండెను. పిల్లలు మర్యాదకొరకు తినిరి. వసతిగృహములో వంట చేయు పెద్దమ్మ మాత్రము ఒక చెంచాడు నోట వేసికొని, “అయ్యా, మంట వేరు, సెగ వేరు” అనెను.

ఆమె రెండు మాటలలో చెప్పినదానికి శాస్త్రము ఇట్లు భాష్యము చెప్పును. గుడ్డులోని మాంసకృత్తులు సుమారు 60 డిగ్రీలు దాటినపిదప గట్టిపడనారంభించును. పాలతోను చక్కెరతోను కలిసియున్నప్పుడు అవి పలుచబడి యుండుటచే, సుమారు 80 డిగ్రీల వరకు నిలిచి అప్పుడు గట్టిపడును. ఆ స్థితిలో అవి వలవలె అల్లుకొని పాలలోని నీటిని తమలో పట్టియుంచును. వేడిమి ఇంకను హెచ్చినచో ఆ వల బిగిసి నీటిని బయటికి పిండివేయును. అదియే విరుగుట. పళ్లెములోని నీరు ఎంత కాగినను 100 డిగ్రీలు దాటదు. కావున అది పాత్రకు కావలివాడై అధికమగు వేడిమిని అడ్డగించును. శిక్షణకళాశాలలో మేము గ్రంథములనుండి నేర్చిన దీనిని ఆ పెద్దమ్మ పొయ్యివద్ద నేర్చినది. పరీక్షలో నెగ్గినది మాత్రము ఆమెయే.

పారవేయవలసిన దెప్పుడు?

పొదుపు పేరిట ఆరోగ్యమును పోగొట్టుకొనుట అవివేకము. ఎండిన రొట్టె వేరు, చెడిన రొట్టె వేరు. బూజు ఒక మూల కనబడినచో, దాని దారములు కంటికి కనబడకయే రొట్టెలో దూరము వ్యాపించియుండును. కనబడిన భాగమును గిల్లివేసి మిగిలినది వాడరాదు. కొన్ని జాతుల బూజు పుట్టించు విషము కాల్చినను నశింపదు. రొట్టెను తుంచినప్పుడు లోపల జిగటదారములు సాగి, మురిగిన పండు వాసన వచ్చినచో, అది సూక్ష్మజీవులచే చెడినదని తెలిసికొని పారవేయవలెను. ఆ సూక్ష్మజీవుల బీజములు కాల్చు వేడిమికిని చావవు.

వండిన పుడ్డింగులో పాలును గుడ్లును ఉన్నవి. మన యెండలలో దానిని రెండు గంటలకు మించి బయట నుంచరాదు. చల్లార్చి శీతలయంత్రములో నుంచినచో రెండు మూడు దినములలో తినివేయవలెను. మిగిలినదానితో చేసిన వంటకమును మరల మిగుల్చుట తగదు.

పొదుపు లెక్క

ఇప్పుడు ఆ బాలిక ప్రశ్నకు వత్తము. పైన చెప్పిన సామగ్రిని మరల చూడుడు. 200 గ్రాముల రొట్టెను రక్షించుటకై అర లీటరు పాలు, మూడు గుడ్లు, వెన్న, ఎండుద్రాక్షలు వ్యయమగుచున్నవి. రొట్టె వెల ఎంత? మిగిలిన వాటి వెల ఎంత? అంగడికి పోయి ఈ వస్తువులన్నియు కొని తెచ్చి, రొట్టెను ఆదాచేసితిమని చెప్పుకొనుట లెక్కకు నిలువదు. దానిని విందు అనవలెను, పొదుపు అనరాదు. విందు చేయుట తప్పు కాదు. విందును పొదుపని పిలుచుటయే తప్పు. పాలును గుడ్లును ఎటులైనను ఆ దినమున పిల్లలకు పెట్టవలసియున్న యింటిలో మాత్రమే ఇది నిజమైన పొదుపగును. ఇతరులకు నీటిలో నానబెట్టి చేయు రెండవ విధమే తగినది. మొదట మేము తరగతిలో చెప్పిన ఉపన్యాసములో ఈ లెక్క లేదు. ఆ బాలిక ప్రశ్నించియుండనిచో మేము వేసియుండెడివారము కాము.

మరియొక లెక్కయు వేసితిమి. మిగులని యింటివారికి ఈ పాఠ మెందుకను ప్రశ్నకు సరియైన ప్రతిప్రశ్న, మిగులుచున్న దెవరి యింట అనునది. ఒక వారము దినములు మా పాఠశాల ఆవరణములో పారవేయబడిన రొట్టెను విద్యార్థులచేత ప్రోగుచేయించి తూచితిమి. వసతిగృహములోని పిల్లల పళ్లెములనుండి వచ్చినది అతిస్వల్పము. ఇంచుమించు అంతయు ఉపాధ్యాయుల తేనీటి బల్లనుండియే వచ్చెను. అంచులు కోసి తినుట మా అలవాటు. తూనిక చూచినప్పుడు పిల్లలు మావంక చూడక నేలవంక చూచిరి. వారి మర్యాదకు మేము కృతజ్ఞులము.

ఆ వారమునుండి తేనీటి బల్లమీద అంచులు మిగులుట లేదు. మిగిలినను, బూజు పట్టకమునుపే పెద్దమ్మ వద్దకు చేరుచున్నవి. రెండవసారి పుడ్డింగు చేసినప్పుడు పెద్దమ్మ సెగ చూచెను, ప్రశ్న యడిగిన బాలిక పాలు పోసెను, మేము పళ్లెము మోసితిమి. నడుమ వణకుచుండగానే తీసితిమి. అది విరుగలేదు. ఆ బాలిక తన భాగమును సగము తిని, తక్కిన సగమును ఆకులో చుట్టి తమ్మునికై దాచుకొనెను. రెండు గంటల నియమము నామెకు జ్ఞాపకము చేయగా, “మా యిల్లు దగ్గరేనండీ” అని పరుగెత్తెను.

కాబట్టి మా జవాబు ఇది. పొదుపు పాఠము లేనివారికి చెప్పవలసినది కాదు. వారు మనకంటె ముందే నేర్చియున్నారు. అది మిగుల్చువారు నేర్వవలసిన పాఠము. అట్టివారిలో మేమును ఉంటిమి.

అభ్యాసములు

1. ఒక రొట్టె ముక్కను గట్టి మూతగల డబ్బాలోను, మరియొకదానిని బయటను ఒక దినము ఉంచుము. రెండింటిని ముందును తరువాతను తూచుము. గట్టిపడినవి ఏవి? బరువు తగ్గినది ఏది? దీనినిబట్టి ఏమి తెలియుచున్నది?

2. చల్లారిన అన్నమును వేడిచేసినప్పుడు మెత్తబడుటకు కారణము వ్రాయుము.

3. మీ ఊరి ధరలనుబట్టి పైని పుడ్డింగు సామగ్రికి వెల కట్టుము. అందులో రొట్టె వెల ఎన్నవ వంతు?

4. మీ యింట ఒక వారములో పారవేయబడు ఆహారమేదో, ఎవరి పళ్లెమునుండి వచ్చుచున్నదో గమనింపుము. పేరు వ్రాయనక్కరలేదు.